రెండో గీత

నాలుగో బెడ్‌కు నొప్పులు సరిగా రావడం లేదు.

కుడి అరచెయ్యి కడుపు మీద ఆనించి, ఎడమ చేతి వాచీ చూస్తూ లెక్కపెడుతోంది సరళకుమారి. పొద్దున ఏడింటి నుంచి ఇక్కడే ఉంది. రెండు దాటినా గుక్కెడు నీళ్లు తాగలేదు. కిటికీ అవతల మెట్రో స్తంభాలు లేపుతున్న మోత. వైశాలిలోని ఈ చిన్న ఆసుపత్రి కాన్పుల గదిలో ఆమెది పదహారేళ్ల సర్వీసు. ఇక్కడ ఆడవాళ్లకు పేర్లుండవు. బెడ్ నంబర్లే.

"నొప్పి గట్టిదైతే కడుపు నుదురులా తగలాలి" అంది కొత్త నర్సు జెనీఫర్‌తో. "ఇది ముక్కు కొసలా మెత్తగా ఉంది. ఇంకొంచెం పైన పెట్టి చూడు."

"ఒళ్లే తగులుతోందక్కా" అంది జెనీఫర్ మొహమాటంగా.

సరళకుమారి నవ్వబోయి ఆగింది. వాచీ చూసింది.

డాక్టర్ ఉష వచ్చి కార్డు తిరగేసింది. వయసు నలభై రెండు, బరువు తొంభై ఎనిమిది. ఈ వయసుకు, ఈ బరువుకు గర్భసంచి తొందరగా అలిసిపోతుందనీ, డ్రిప్‌లో మందు ఇంకా పెంచి లాభం లేదనీ అంది. బిడ్డ గుండె కూడా కాస్త నెమ్మదిస్తోందట.

"నువ్వేమంటావు సరళా? ఇంకో గంట చూద్దామా?"

"పది నిమిషాలకు రెండు నొప్పులే మేడం. ఆపరేషనే చేసెయ్యండి."

పెళ్లయిన పదిహేనేళ్లకు నిలిచిన కడుపు. కార్డులో భర్త పేరు టిమోతి. పక్కనే 'లేరు' అని సరళకుమారి చేతిరాత. ఈ బిడ్డ దక్కకపోతే నాలుగో బెడ్‌కు ఇక ఎవరూ లేరు.

వరండాలో మూడో బెడ్ తాలూకు ఎనిమిది మంది లడ్డూలు పంచుకుంటున్నారు. నాలుగో బెడ్‌కు వదిలిన కుర్చీలో కూడా వాళ్ల టిఫిన్ క్యారియరే ఉంది.

"ఎవరికైనా ఫోన్ చెయ్యనా అక్కా?"

"ఎవరికి?"

జెనీఫర్ ఆపరేషన్ ఒప్పుకోలు ఫారం తెచ్చింది. అందులో రెండు గీతలు. మొదటిది గర్భిణి సంతకానికి, రెండోది తోడొచ్చినవాళ్ల సంతకానికి. ఎవరూ లేనివాళ్లు వస్తే రెండో గీత మీద సరళకుమారే సంతకం పెడుతుందని వార్డంతటికీ తెలుసు.

"ఈసారి నేను పెడతానక్కా."

"వద్దు. చిన్నపిల్లవి. రేపేమన్నా అయితే నిన్నడుగుతారు."

బెడ్ మీద నుంచే పెన్ను అందుకుని సరళకుమారి రెండో గీత మీద ఎప్పట్లాగే తన పేరు రాసి, మొదటి గీత మీద కూడా తన పేరే రాసింది.