సరిపోయే టాప్ లింక్

ఆదివారం ఉదయం నర్సరీలో నిలిపి ఉన్న చిన్న ట్రాక్టరు నుంచి హైడ్రాలిక్ టాప్ లింక్ పోయింది. తీసుకెళ్లింది నేల చదును చేసే కాంట్రాక్టరు.

అతనికీ అలాంటి ట్రాక్టరే ఉంది, వెనక బ్లేడు ఉంది. ట్రాక్టరునీ బ్లేడునీ పైభాగంలో కలిపే కడ్డీయే టాప్ లింక్. దాన్ని పొడిగిస్తే బ్లేడు ఒక వాలున నిలుస్తుంది, కుదిస్తే ఇంకో వాలున. అతని దగ్గరున్నది చేత్తో తిప్పే రకం. నాలుగు బారలు నడపాలి, దిగాలి, తిప్పాలి, మళ్లీ ఎక్కాలి. హైడ్రాలిక్‌ది అయితే సీట్లో కూర్చుని మీట నొక్కితే చాలు.

కిందటిసారి బడి ఆటస్థలాన్ని అతనే చదును చేశాడు. వాన పడ్డాక పిల్లలు అందులో కాగితప్పడవలు వదిలారు. సోమవారం మళ్లీ అదే పని. ఈసారి గుంట కనిపిస్తే ఇంకొకరిని పెట్టుకుంటామని హెడ్మాస్టరు మొహం మీదే చెప్పాడు.

డబ్బిచ్చి కొనడం కాంట్రాక్టరుకు ఎదుటివాళ్ల విషయంలోనే నచ్చేది. అయితే లింకుల్లో రకాలున్నాయి. పొడవు కుదరాలి, పిన్ను లావు కుదరాలి. షాపులో కొన్నదైతే మార్చుకోవచ్చు. ఎత్తుకొచ్చినదాన్ని ఎక్కడికెళ్లి మార్చుకుంటాడు? అందుకని ముందు సలహా అడుగుదామనుకున్నాడు. సలహా అడిగితే కాదనేవాడు లోకంలో లేడు.

శుక్రవారం సాయంత్రం నర్సరీకి వెళ్లాడు. మొక్కలకు నీళ్లు పడుతున్న ఆవిడను దాటుకుని నేరుగా ట్రాక్టరు దగ్గరికి నడిచాడు. అక్కడ టోపీ పెట్టుకున్న పెద్దమనిషి టేపు పట్టుకుని వంగి ఉన్నాడు.

"నమస్కారమండీ. నేనూ ఇలాంటి హైడ్రాలిక్ టాప్ లింక్ కొందామనుకుంటున్నా. ఏది కొనాలో అర్థం కావట్లేదు."

టోపీ ఆయన టేపు జేబులో వేసుకుని అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"చూడు బాబూ, చాలామంది షాపుకెళ్లి పెద్దది ఇవ్వమంటారు, ఎదిగే పిల్లాడికి చొక్కా కొన్నట్టు. ముందు బండిని కొలవాలి. పిన్ను నుంచి పిన్నుకి ముడుచుకుంటే ఎంత, సాగితే ఎంత? నీది ఏ బండి?"

"ఇదే మోడలండీ."

"ఇదేనా?" టోపీ ఆయన మొహం విప్పారింది. "కొని ఎన్నేళ్లయింది? వెనక ఆయిలు గొట్టాలు తగిలించే చోటుందా? ఇంజను బాగుందా?"

"లింకుకీ ఇంజనుకీ ఏంటండీ సంబంధం?"

"మరి ఆయిలు తోసేదెవరు, మీ తాతయ్యా?"

కాంట్రాక్టరు నవ్వి అన్నీ చెప్పాడు. ఇంజను కిందటి నెలే బాగుచేయించాడని, టైర్లు కొత్తవని కూడా చెప్పాడు.

"వాలు నేల మీద కొలిస్తే లెక్క తప్పుతుంది. బండి ఎక్కడ పెడతావ్?"

"ఇంటి వెనక షెడ్డులోనండీ. సిమెంటు నేల."

"ఇల్లెక్కడ?"

"నీళ్ల ట్యాంకు పక్క సందు. పచ్చ గేటు."

"బాగుంది. ఇంకో మాట. ఇలాంటి లింకు విప్పేముందు బ్లేడుని నేలకి ఆనించాలి. లేకపోతే గొట్టాల్లో ఒత్తిడుండి ఊడిరావు." టోపీ ఆయన గొంతు తగ్గించాడు. "సోమవారం రా, దగ్గరుండి చూపిస్తా. ఆదివారం మాత్రం రాకు. పొద్దున్నే అందరూ బయటికెళ్తారు. ఇక్కడ పిట్ట కూడా ఉండదు."

దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదేననుకుని, కాంట్రాక్టరు నవ్వు బిగబట్టి దండం పెట్టాడు.

"మీలాంటివాళ్లు ఉండబట్టే ఇంకా వానలు పడుతున్నాయండీ."

ఆదివారం నర్సరీలో నిజంగానే ఎవరూ లేరు. ట్రాక్టరు వెనకున్న బ్లేడు నేలకు ఆని ఉంది. గొట్టాలు ఊడబెరికి, పిన్నులు లాగి, లింకును గోనెసంచిలో వేసుకుని స్కూటరు మీద ఇంటికి వచ్చాడు. పాట పాడుకుంటూ షెడ్డు తలుపు తీశాడు.

షెడ్డులో ట్రాక్టరు లేదు.

"బండేదే?" అని కేకేశాడు.

భార్య పెరట్లో బట్టలారేస్తోంది. "మీరేగా పంపించారు! టోపీ పెట్టుకున్న పెద్దాయన వచ్చి, లింకు బిగించి సాయంత్రానికి పంపిస్తానన్నాడు. తాళంచెవి ఇచ్చాను."

"ఎవడో అడిగితే ఇచ్చేయడమేనా?"

"ఎవడో ఏంటండీ! మన బండి సంగతులన్నీ అప్పజెప్పాడు. టైర్లు కొత్తవని కూడా తెలుసు. మీరు ఇప్పుడు నర్సరీలోనే ఉన్నారన్నాడు. ఉన్నారా, లేదా?"

కాంట్రాక్టరు సంచిని బట్టలుతికే బండ వెనక పడేసి, మళ్లీ స్కూటరెక్కాడు.

నర్సరీవాళ్లు అప్పుడే తిరిగొచ్చారు. శుక్రవారం మొక్కలకు నీళ్లు పట్టిన ఆవిడ ట్రాక్టరు వెనక నిలబడి, ఊడిన గొట్టాలను చూస్తోంది.

"మీ ఓనర్ని పిలువు!" అన్నాడు కాంట్రాక్టరు.

"నేనే. చెప్పండి."

"అయితే మీ ఆయన్ని పిలవండి. నా ట్రాక్టరు ఎత్తుకుపోయాడు!"

"మా ఆయనకి స్కూటరు నడపడమే రాదు."

"బుకాయించకండి! టోపీ, చేతిలో టేపు. శుక్రవారం ఇక్కడే నిలబడి నాకు టాప్ లింక్ మీద పాఠం చెప్పాడు."

"ఆయనా?" అంది నర్సరీ యజమానురాలు. "హైడ్రాలిక్ టాప్ లింక్ కొందామనుకుంటున్నా, ఏది కొనాలో అర్థం కావట్లేదని మీకంటే కాస్త ముందొచ్చాడు; ఆ పాఠం ఆయనకి నేనే చెప్పాను."