మెయిను ఆపిన కాసేపు

కూరచేపల్ని ఎవరింట్లో వాళ్లే పెంచుకునే రోజులివి. సుభాషిణి గారి చేపలతొట్టి నుంచి దాని కిందే పెట్టిన సంపులోకి నీరు చప్పుడు లేకుండా దిగేలా వాల్వు సర్దాను.

“ఒకసారి కరెంటు ఆపి చూడాలండీ. మోటారు ఆగినప్పుడు సంపు పొంగితే కింది ఫ్లాటు తడిసిపోతుంది.”

“ఆఖరిసారి కరెంటు పోయి ఇరవయ్యేళ్లయింది. నీదంతా చాదస్తం బాబూ.”

అంతస్తంతటికీ ఒకటే మెయిను. ఆపాను. సంపులో నీరు అంచుకు రెండు వేళ్ల కింద నిలిచింది.

ఈలోగా తలుపులు తెరుచుకున్నాయి. “మీకూ పోయిందా?” అంటూ అందరూ వరండాలోకి వచ్చారు. చిన్నప్పుడు కరెంటు పోతే మా వీధంతా ఇలాగే అరుగుల మీద చేరేది.

“ఎన్నాళ్లుగా ఉంటున్నారండీ ఇక్కడ?” ఎదురింటాయన సుభాషిణి గారిని అడిగాడు.

“తొమ్మిదేళ్లు.”

మెయిను వేయబోయాను. ఆవిడ నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు: “ఇంకాసేపు చూడు బాబూ.”