ముందు చక్రం

దండపాణి పెండ్లాం సైకిలు ముందు చక్రం స్టేషన్ రోడ్డు శ్యామ్‌సుందర్ అంగట్లో బిగించిందంట, ఆమె రోజూ మధ్యాహ్నం ఆడనే ఉంటాదంట అని ఎదురింటి ఇంద్రాణి కొళాయి దగ్గర అనిందని, టీ తాగుతా పక్కంగడి జయరామ దండపాణికే చెప్పాడు.

దండపాణి టీ సగంలోనే పెట్టేశాడు.

తిరుత్తణిలో సైకిలు చక్రమంటే దండపాణిదే. ఇరవై ఏళ్లుగా తిరువళ్ళూరు నుంచి కూడా చక్రాలు రైలెక్కి వచ్చేవి. ఆయన బెండు తీస్తే మళ్ళీ స్పోకు విరగదని పేరు. అట్లాంటిది ఈ రెండు నెలలుగా ఇచ్చిన చక్రం ఇచ్చినట్టే తిరిగొస్తోంది. రెండోసారి విరిగితే మనిషి శ్యామ్‌సుందర్ దగ్గరికి పోతున్నాడు. మీసం సరిగ్గా రాని వాడి దగ్గరికి. ఇప్పుడు తన పెండ్లాం సుగంధి కూడానా?

అంతకుముందు ఆమె మధ్యాహ్నం అంగడికే అన్నం తెచ్చేది. ఆయన తిని రెండు గంటలు కునుకు తీస్తే అంగడి చూసుకునేది. ఊరికే కూర్చోడానికి నువ్వెందుకని ఒకరోజు గిరాకీల ముందు కసిరాడు. మర్నాటి నుంచి పొద్దున్నే క్యారియర్ కట్టి చేతికిచ్చేస్తోంది.

సాయంత్రం ఇంట్లో ఆమె సైకిలు తలకిందులు చేశాడు. వెనక చక్రంలో మళ్ళీ ఒక స్పోకు పోయింది. ఐదోది. అన్నీ ఇరుసు దగ్గరి వంపులోనే తెగాయి. రెండు నెలల కిందట కొత్త రిమ్ము వేసి ఆ చక్రం కట్టింది తనే.

"చీరల మూటలు మోస్తావు గదా, బరువు," అన్నాడు.

"పదేండ్లుగా అవే మూటలు మామా."

స్పోకులు వేలితో మీటాడు. ఒకటి ఖంగుమంది, పక్కది చప్పుడే లేదు. వదులుగా ఉన్నది చక్రం తిరిగిన ప్రతిసారీ వంగుతుంది, వంగి వంగి తెగుతుంది. ఆయనకు తెలియంది కాదు. ముందు చక్రం మీటాడు. ముప్పై రెండూ ఒకటే గొంతు.

"మా నాయన మగ్గం మీద పడుగు ఇట్లనే పలికేది," అని మురిసిపోయింది సుగంధి.

దండపాణికి ఒళ్ళు మండింది. ఇంకొకడి పనిని ఇంత మురిపెంగా చూస్తుందా?

మర్నాడు మధ్యాహ్నం క్యారియర్ విప్పకుండానే స్టేషన్ రోడ్డుకు పోయాడు. బయట తన పాత గిరాకీలే నలుగురు. లోపల ముక్కాలిపీట మీద సుగంధి. శ్యామ్‌సుందర్ ఆమె చేతికి టీ గ్లాసు అందిస్తున్నాడు.

"నా పెండ్లాం సైకిలు మీద పడిన చెయ్యి ఎవురిది? వీడిదేనా?"

శ్యామ్‌సుందర్ తల దించుకున్నాడు. సుగంధి గ్లాసు పక్కన పెట్టింది.

"నాదే మామా, ఇరవై ఏండ్లు నువ్వు తిని పండుకున్నాక నీ చక్రాలన్నీ మళ్ళీ బిగించిన చెయ్యే, ఇప్పుడు ఈడ పని చేస్తా ఉండాది."