ఇంగిలీకం పూసిన వేలు

నలభై మంది కావాలి. సూర్యుడు కొండ మీదికి వాలేలోగా కావాలి.

మెంగ్ ఖ్వే మల్బరీగుట్ట ఊరి కళ్లంలో గొంతుకూర్చుని గిన్నెలో ఎర్రటి ఇంగిలీకం పొడి కలుపుతున్నాడు. కాస్త పంది కొవ్వు వేసి వేలితో తిప్పుతున్నాడు. కళ్లం నిండా బురద ఎండిన పగుళ్లే. హోయాంగ్‌హో నది కట్ట తెగి మూడేళ్లయింది. అప్పటినుంచి అక్కడ ఒక్క కొర్ర గింజ రాలలేదు.

ఊళ్లో మగవాళ్లు వాళ్లంతట వాళ్లే వరుస కట్టారు. వచ్చింది మెంగ్ ఖ్వే అంటే చాలు. అధికారుల గాదెలు బద్దలుకొట్టి రెండేళ్లు ఈ ఊళ్లకి తిండి పెట్టినవాడు. పోయిన ఆకురాలు కాలంలో ఏటి ఒడ్డున అతని దళం మొత్తం తుడిచిపెట్టుకుపోయిందని విన్నారు. అతనూ పోయాడనే అనుకున్నారు. ఇవాళ పొద్దున ఒక్కడే నడిచొచ్చాడు, కళ్ల మీదిదాకా తలగుడ్డ చుట్టుకుని.

కొండ అవతల లోయ మలుపులో సేనాని దిగాడని చెప్పాడు. గంజి కాస్తున్నారని చెప్పాడు. కొడవళ్లు, పారలు మోసుకురావద్దు, కావలసినవన్నీ అక్కడే ఉన్నాయన్నాడు. గంజి మాట విన్నాక మిగతావి ఎవరూ అడగలేదు.

తిరుగుబాటు దళంలో చేరేవాళ్లకి ఎర్ర కనుబొమ్మలెందుకో పసిపిల్లలకి కూడా తెలుసు. కత్తుల గందరగోళంలో మనవాళ్లని మనవాళ్లే నరుక్కోకుండా. కనుబొమ్మ ఎర్రగా ఉంటే తోడబుట్టినవాడు. లేకపోతే శత్రువు.

మొదట ఊరిపెద్ద తావ్ వచ్చి కూర్చున్నాడు. ముసలాయనకి కనుబొమ్మలే లేవు, ఎప్పుడో రాలిపోయాయి.

"ఉన్నాయనుకుని పూసెయ్ నాయకా," అన్నాడు. "ఈ వయసులో నన్ను చూసి జడుసుకునేవాడు ఒక్కడు దొరికినా అదే పదివేలు."

వెనక అందరూ నవ్వారు. మెంగ్ ఖ్వే పూస్తూనే ఉన్నాడు.

ఒక్కో ముఖానికి రెండు గీతలు. రెండో గీత అయ్యేసరికి ఎదురుగా ఉన్న ముఖం పోయి ఇంకొకటి వచ్చేది. ఏటిలో వెల్లకిలా తేలిన ముఖం. నీళ్లకి ఇంగిలీకం కరిగి చెంపల మీదికి కారిన ముఖం. కళ్లు మూసుకునేవాడు. తెరిస్తే మళ్లీ ఊరివాడే, నోరు తెరుచుకుని చూస్తూ.

ఒక కుర్రవాడు తన అన్న గురించి అడిగాడు. ఆ అన్న రెండేళ్ల కిందట ఈ కళ్లంలోనే ఈ వేలితోనే కనుబొమ్మలు ఎర్ర చేయించుకుని వెళ్లాడు.

"అక్కడ కనిపిస్తాడా నాయకా?"

"కనిపిస్తాడు," అన్నాడు మెంగ్ ఖ్వే. కుర్రవాడి ముఖం వెలిగిపోయింది.

ఎండ వాలుతుండగా షువాన్ అవ్వ నీళ్లు తెచ్చింది. ఒకప్పుడు వీపులో బాణంతో అతను ఊరి పొలిమేరలో పడిపోతే, పట్టుపురుగుల గదిలో పందొమ్మిది రోజులు దాచింది ఆమే. సైనికులు గుమ్మం దాకా వచ్చినా నోరు విప్పలేదు. అప్పట్నుంచి అతన్ని బిడ్డా అనే పిలుస్తుంది.

"నీ కూతురు అలాన్ ఏది బిడ్డా? తొమ్మిదేళ్లొచ్చుంటాయే."

గిన్నెలో వేలు ఆగిపోయింది.

"సేనాని దగ్గరుంది అవ్వా. నలభై మందిని తీసుకెళ్తే ఇచ్చేస్తానన్నాడు. ఒక్కడు తగ్గినా ఇవ్వనన్నాడు."

అవ్వకి ఇదేమీ వింత అనిపించలేదు. ఇచ్చిన మాట జారిపోకుండా పెద్దవాళ్లు పిల్లల్ని దగ్గర పెట్టుకోవడం ఎప్పుడూ ఉన్నదే. ఆమె వరుస వైపు తిరిగి వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. ముప్పైతొమ్మిది మంది. నలభయ్యోవాడు గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆమె కొడుకు షెన్. మెంగ్ ఖ్వే పొద్దున్నుంచి రెండుసార్లు వాణ్ణి దాటేసి పక్కవాణ్ణి పిలిచాడు.

"నా కొడుకుని ఎందుకు వదిలేశావు?"

"వాడు కుంటివాడు కదవ్వా."

"కుంటివాడైతే గంజి తాగలేడా?"

పక్క ఊళ్లో ఒకణ్ణి చూసుకుంటానన్నాడు మెంగ్ ఖ్వే. పక్క ఊరు పోయిన ఏడే ఖాళీ అయిపోయిందని తావ్ గుర్తుచేశాడు. సూర్యుడు కొండకి జానెడు ఎత్తులో ఉన్నాడు.

అవ్వ షెన్‌ని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. తనూ పక్కనే చతికిలబడింది.

"అప్పట్లో నీకు పోసిన గంజి వీడి వాటాలోదే బిడ్డా. వీడు ఆకలని ఏడుస్తుంటే విననట్టు ఊరుకున్నాను. ఇప్పుడు నీ కూతురు నీకు దక్కుతుంది, వీడి కడుపూ నిండుతుంది. ఇంకేం కావాలి, పూయి."

అతను కదల్లేదు. ఆమె అతని మణికట్టు పట్టుకుని వేలు గిన్నెలో ముంచింది. కొడుకు నుదుటి దగ్గరికి తీసుకెళ్లింది. మెంగ్ ఖ్వే చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. అంత గట్టిగా లాగలేదు.

రెండు గీతలు పడ్డాయి. షెన్ సిగ్గుగా నవ్వి, ఎలా ఉన్నానని తల్లిని అడిగాడు. మీ నాయనలా ఉన్నావంది.

తర్వాత ఆమె మెంగ్ ఖ్వే తలగుడ్డ అందుకోబోయింది. నీ కనుబొమ్మలు వెలిసిపోయుంటాయి, ఆ మిగిలింది నీకు పూస్తానంది. అతను చప్పున లేచి నిలబడ్డాడు. పొద్దుపోయిందని మాత్రం అన్నాడు.

వరుస కదిలింది. ఆడవాళ్లు కొండ మొదలు దాకా వచ్చి ఆగిపోయారు. వచ్చేటప్పుడు గిన్నెడు గంజి తనకీ పట్టుకురమ్మని అవ్వ వెనకనుంచి అరిచింది. షెన్ వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. కుంటుతూనే అందరినీ దాటి ముందుకెళ్లిపోయాడు, ఎవరో వద్దంటారన్నట్టు.

నెల కిందట మెంగ్ ఖ్వే ఎవరి కాళ్ల ముందు కత్తి పడేసి లొంగిపోయాడో ఆ చక్రవర్తి సేనాని, రాజధానికి పంపాల్సిన నలభై తిరుగుబాటుదారుల తలల కోసం, మలుపు అవతల ఉప్పు పెట్టెల మూతలు తీయించి కూర్చున్నాడు.