ఈ పూట ఏం కూర

వరద నీళ్లు మేడ మెట్లలో రెండోదాని దాకా వచ్చి తిరిగిపోయిన ఏడాది అది.

కింది వాటా దర్జీది. ముందు గదిలో మిషను, వెనక గదిలో వంట. భార్య, ఒక చిన్నపిల్ల.

మేడమీది ఒంటిగదిలోకి వరద తర్వాత ఒక ముసలాయన దిగాడు. మంచం పట్టిన భార్యను ఇద్దరు మనుషులు కుర్చీతో సహా పైకి మోశారు. ఆమె మళ్లీ కిందికి రాలేదు.

ముసలాయనకు ఒక అలవాటు. పొద్దు వాలగానే కర్ర పట్టుకుని దిగి, వరసలో ఉన్న ప్రతి వంటింటి కిటికీ దగ్గరా ఆగేవాడు.

"ఈ పూట ఏం కూర, తల్లీ?"

చెప్తే ఊరుకునేవాడు కాదు. ముక్కలు పెద్దవా చిన్నవా, ఉల్లిపాయ ఎర్రబడేదాకా వేయించావా, మూత పెట్టావా లేదా, అన్నీ కావాలి.

ఇస్త్రీ ఆవిడ నోటి దురుసు మనిషి. "రాళ్లు పెట్టాను తాతా, ఇంకా ఉడకలేదు," అంది ఒకనాడు.

"సన్నమంట మీద పెట్టు. ఉప్పు ఆఖర్న వెయ్యి," అన్నాడాయన నవ్వకుండా.

పిల్లలు ఆయనకు ఏంకూర తాత అని పేరు పెట్టారు.

దర్జీ భార్య జాలిపడి ఒకసారి గిన్నెలో గుమ్మడికాయ కూర పెట్టి ఇవ్వబోయింది. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దమ్మా. మాట చాలు."

అది దర్జీకి గుచ్చుకుంది. పెడితే తినడు, అడగడం మానడు. పైగా ఆయన మెట్ల మలుపులో కూర్చుని ఎండు రొట్టె నీళ్లలో ముంచుకుని తినడం చాలాసార్లు కంటపడింది. ఇంట్లో చోటుండగా దారిలో కూర్చుని తినడమేమిటి, నలుగురూ చూసి అయ్యో అనడానికి కాకపోతే, అన్నాడు భార్యతో.

ఎవరి కడుపు సంగతి ఎవరికి తెలుసులెండి అందామె.

వానలు ముదిరాయి. వరదలో తడిసిన మిషను మొరాయించడం మొదలుపెట్టింది. కుట్టు వంకరపోతోందని బట్టలు తెచ్చేవాళ్లు పక్కవీధికి మళ్లారు. దర్జీ ఇంట్లో కూర మాట మరిచిపోయారు. గంజి, ఉప్పు. పిల్లకు మాత్రం నంజుకోవడానికి ఉల్లిపాయ ముక్క.

అలాంటి ఒక సాయంత్రం కిటికీ దగ్గర కర్ర చప్పుడు ఆగింది.

"ఈ పూట ఏం కూర, తల్లీ?"

భార్య తల దించుకుంది. దర్జీ మిషను ముందు నుంచి లేచి వచ్చాడు.

"మా కుండలో ఏముందో నీకెందుకయ్యా? పెడితే తినవు. ఒకరి పొయ్యిలోకి తొంగిచూడటం తప్ప వేరే పని లేదా నీకు?"

ముసలాయన కుండ వైపు చూశాడు. దాని మీద మూత లేదు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"తప్పయింది, అబ్బాయ్," అన్నాడు.

దర్జీ కిటికీ మూశాడు. మళ్లీ తెరవొద్దని భార్యకు చెప్పాడు. ఆ తర్వాత సాయంత్రాల్లో కర్ర చప్పుడు అక్కడ ఆగకుండా సాగిపోయేది. ఎవరికీ కనబడకుండా గంజి తాగడం దర్జీకి హాయిగానే ఉంది.

చలి మొదలయ్యాక ముసలాయన మెట్ల మలుపులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఒళ్లో రొట్టె ముక్క అలాగే ఉంది.

మోయడానికి దర్జీ కూడా భుజం పట్టాడు. తిరిగొచ్చాక, పైనున్న ఆమెను పలకరించకపోతే బాగుండదని భార్య పోరితే, మొదటిసారి మేడ ఎక్కాడు.

గదిలో పొయ్యి లేదు. వంటగిన్నె లేదు. ఏ వాసనా లేదు. మంచం మీద ఆమె పిడికెడు మనిషి. చెల్లెలి కూతురట, పక్కన కూర్చుని ఆమె పొట్టకు పెట్టిన సన్నటి గొట్టంలోకి పాలు పోస్తోంది. గొంతు దిగదట. నాలుక మీద ఏదైనా పెట్టి ఏళ్లయిందట.

దర్జీ గుమ్మంలోనే నిలబడ్డాడు. కింది వాటాలో ఉంటాను పెద్దమ్మా, బట్టలు కుడతాను అన్నాడు.

ఆమె కళ్లు తెరిచింది.

"దర్జీవా నాయనా. రా, కూర్చో. అందరి వంటలూ అయ్యాక మీ ఇంటిది ఆఖర్న చెప్పేవాడు. మంచిది ఆఖర్న చెప్పాలట."

దర్జీకి అర్థం కాలేదు.

"వాసన తగిలితే నాకు ప్రాణం లాగేస్తుంది. అందుకని ఈ గదిలో ఆయన ముద్ద ముట్టలేదు. మాటయితే దిగుతుంది. రోజూ ఇక్కడ కూర్చుని, ఎవరెవరు ఏం తిన్నారో వడ్డించేవాడు. ఇస్త్రీ అమ్మాయి రాళ్లు వండిందట కదా," అని నవ్వబోయి దగ్గింది.

దర్జీ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మొన్న రాత్రి నీ భార్య గుడ్లు వండిందట. ఉల్లిపాయలు సన్నగా తరిగి, ఎర్రగా వేయించి, మీద గుడ్లు కొట్టి పోసిందట. పిల్ల ఇంకా కావాలని అడిగి మరీ వేయించుకుందట. బాగుందా, నాయనా?"

కిటికీ మూసిన నాటి నుంచీ ప్రతి రాత్రీ దర్జీ ఇంట్లో ఆ ముసలాయనే వండుతున్నాడు.

"బాగుంది, పెద్దమ్మా," అన్నాడు దర్జీ.

మర్నాడు పొద్దున దర్జీ కిటికీ తలుపు తీశాడు. ఇస్త్రీ ఆవిడ ఇంటికి వెళ్లి, నోరు తెరిచి, గుడ్లుంటే ఇమ్మని అడిగాడు. భార్య చేత ఉల్లిపాయలు సన్నగా తరిగించి, ఎర్రగా వేయించి, మీద గుడ్లు పోయించాడు. పిల్ల ఇంకా కావాలంది. తనూ తిని, వాసన పోయేదాకా సబ్బుతో చేతులు కడుక్కుని, చెప్పడానికి మేడ మెట్లు ఎక్కాడు.