ఆరో భాగం

"ఆరో భాగం తీసెయ్. మిగతా ఎనిమిదీ నీ ఇష్టం" అంది లల్లా కెన్జా, స్టూడియో గుమ్మంలోంచే.

ఆవిడ వస్తే లేచి నిలబడటం బతూల్‌కి చిన్నప్పటి అలవాటు. ఈసారి లేవలేదు.

కాసాబ్లాంకా కెఫేల్లో పదేళ్ళుగా మైకు ముందు నిలబడి జనాన్ని కట్టిపడేస్తున్న మనిషి బతూల్. పాట లేదు, వాయిద్యం లేదు, ఉత్త మాట. ఇది ఆమె తొలి ఆల్బమ్. తొమ్మిది భాగాలు, ఒకటే కథ. కొండల్లోని పల్లె నుంచి ఇత్తో అనే ఏడేళ్ళ పిల్లని తెచ్చి ఒక పెద్దింట్లో పనికి దింపడంతో మొదలవుతుంది. మెట్ల కింద పడక. అందరూ తిన్నాక మిగిలిన రొట్టె. ఆరో భాగంలో, పంచదార దొంగిలించిందని యజమానురాలు ఆ పిల్ల వీపు మీద కాల్చిన గరిటెతో వాత పెడుతుంది. కథంతా ఇత్తో తన నోటితో చెబుతున్నట్టే సాగుతుంది.

శుక్రవారం విడుదల. ముందుగా రేడియోలో రెండు భాగాలు వినిపించారు. "ఇది నీ కథేనా?" అని అడిగితే "నా కథే" అంది బతూల్. వీధి పేరు కూడా చెప్పేసింది. అప్పట్నుంచి ఆ వీధిలోని లల్లా కెన్జా ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది.

స్టూడియో నడిపే సూఫ్యాన్ నీళ్ళు నమిలాడు. "ఒక్క ముక్కే కదక్కా. తీసేస్తే గొడవ వదిలిపోతుంది."

"ఆరు తీసేస్తే, ఏడులో ఆ పిల్ల గోడ ఎందుకు దూకిందంటావ్? సరదాకా?"



లల్లా కెన్జా గొంతు లేచింది. "ఎవరింటి రొట్టె తిని ఇంతదానివయ్యావే? నీకు నాలుగక్షరాలు వచ్చింది ఎవరి చలవ? నలుగురిలో నా మొహాన మసి పూస్తావా?"

"పూయడం లేదు. ఉన్న మసే చూపిస్తున్నా."

ఆవిడ వెంట వచ్చిన వకీలు గొంతు సవరించుకున్నాడు. "ఇరవై ఆరేళ్ళ కిందటి మాటమ్మా ఇది. మచ్చ ఒక్కటే చాలదు. వాత ఎవరు పెట్టారో కళ్ళారా చూసిన సాక్షి కావాలి. లేకపోతే పరువునష్టం దావా. జైలు దాకా పోతుంది."

లల్లా కెన్జా నవ్వింది. "ఆవేళ వంటింటి తలుపు మూసే ఉంది. లోపలున్న వాళ్ళెవరూ నోరు విప్పరు."

  బతూల్ మైకు దగ్గరికి లాక్కుంది. రికార్డింగ్ పెట్టమని సూఫ్యాన్‌కి సైగ చేసింది. ఎర్రదీపం వెలిగింది.

"సాక్షి ఉంది" అంది. "కోర్టుకీ వస్తుంది, జైలుకీ వస్తుంది."

"ఎవరే అది?"

"నేనే... నువ్వు వాత పెడుతుంటే ఇత్తో కదలకుండా రెండు చేతులూ గట్టిగా పట్టుకున్న నీ కూతుర్ని."