ఒక్క పేరు

"ఎవరి పేరు రాస్తున్నావో చెప్పెయ్ అక్కా. బిస్కెట్లు తినిపించి చెబుదామనా?"

బొంగరం పిండిముద్దను పీట మీద టపీమని కొట్టింది. కాలు ఒకచోట నిలవదని చొక్కాల ఫ్యాక్టరీలో అందరూ పెట్టిన పేరు అది. పక్కన గ్లాసు అంచుతో పిండిని గుండ్రంగా కోస్తున్న వదిన చెయ్యి ఆగిపోయింది. వరసకి ఎవరికీ ఏమీ కాకపోయినా ఆమె ఫ్యాక్టరీ మొత్తానికీ వదినే.

అక్క ఓవెన్‌లోకి తొంగి చూసింది. కాలర్లు కుట్టే సెక్షన్‌లో ఉన్నది ఈ ముగ్గురే. ఆ సెక్షన్‌కి పెద్ద అక్కే. మనుషుల్ని తగ్గిస్తున్నాం, ఎవరిని తీసెయ్యాలో నువ్వే రాసివ్వమని ఆఫీసువాళ్లు ఆమె చేతిలో కాగితం పెట్టి వారమైంది.

"ఇంకా రాయలేదే," అంది. "ఒక్కరినే తీస్తారట. రేపు ఇవ్వాలి. ఇవాళ సెలవు కదా, మా ఇంట్లో ముగ్గురం సరదాగా..."

"సరదానా! మెడ మీద కత్తి పెట్టి చక్కిలిగింతలు పెడుతున్నావు."

"నోరు మూసుకుని పిండి ఒత్తవే," అంది వదిన.

కమురు వాసన వచ్చింది. మొదటి ట్రే సగం మాడిపోయింది. గీకి పారేసి వస్తానని వదిన దాన్ని బాల్కనీలోకి తీసుకెళ్లింది.

బొంగరం గబుక్కున దగ్గరికొచ్చింది. "అక్కా, నా పేరు రాసెయ్. వదిన మొగుడు మంచం పట్టి ఏడాదైంది. ఈ జీతం లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. నేనంటావా, ఎక్కడో చోట బతికేస్తా. చెప్పానని మాత్రం వదినకి తెలియనివ్వకు."

అంతలో ఇంటి నుంచి ఫోనొస్తే మాట్లాడుతూ మెట్ల మీదికి వెళ్లింది.

వదిన తిరిగొచ్చి, ట్రేలో పచ్చి బిస్కెట్లు పేరుస్తూ, తలెత్తకుండానే అంది: "నా పేరు రాయమ్మా. బొంగరం చెల్లెలు పోయాక ఆ పిల్లలిద్దరూ దాని మీదే ఆధారపడి ఉన్నారు. వాళ్ల నోటి దగ్గర కూడు తియ్యకు. ఒట్టు, నిన్నొక్క మాట అనను."

అక్క గోడకి జారగిలబడి కూలబడింది. పిండి చేతులతోనే మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఫోన్ పెట్టేసి బొంగరం పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ చెరోపక్కా కూర్చుని ఆమెను పట్టుకున్నారు.

"ఎవరి పేరు రాసినా మాకు కోపం లేదక్కా," అంది బొంగరం. "ఇంత బరువు నీ నెత్తిన పెట్టారు, వాళ్ల చేతులు పడిపోను!"

రెండో ట్రే చక్కగా కాలింది. వదిన ఒక బిస్కెట్ ఊది ఊది అక్క నోట్లో పెట్టింది. నమల్లేక నమల్లేక మింగింది అక్క.

ఆఫీసువాళ్లు అడిగింది ముగ్గురిలో ఇద్దరి పేర్లు. వీళ్లిద్దరివీ నిన్న సాయంత్రమే రాసిచ్చేసింది.